మిద్దె ఇంటికి ఎండ వెలుగు

తల దాచుకొనేందుకు ఒక గూడు ఉండటం అల్లాహ్ అనుగ్రహాలలో పెద్దది. దానిని నిలుపుకోవటం మాత్రం మనుషుల చేతిలో ఉన్న పని. పెద్దలు కట్టిన ఇళ్ళు మన పల్లెలలో ఒక్కొక్కటిగా తాళాలు పడి, ఆ తరువాత గోడలు కూలి, చివరకు మొండి గోడల నడుమ కంపచెట్లు మొలిచే స్థితికి చేరుకుంటున్నాయి. మా ఇల్లు కూడా ఆ దారిలోనే పోవలసినది. అది ఎలా నిలిచింది, దానిలోకి ఎండ వెలుగు, పేడ గ్యాసు ఎలా వచ్చాయి అన్న సంగతులు పాఠకులలో కొందరికైనా పనికివస్తాయన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా ఇల్లు నంద్యాల జిల్లాలో, బనగానపల్లె వైపున ఉన్న ఒక పల్లెలో ఉంది. దాదా కట్టించిన చవుడు మిద్దె అది. రెండడుగుల మందం గల రాతి గోడలు, వేప దూలాలు, వాటిపై దంతెలు, దంతెల మీద నాపబండలు, ఆ పైన జానెడు మందాన చవుడు మన్ను. గాలికీ వెలుతురుకూ ఇంటి నడుమ ఒక గవాక్షి. ముందు వేపచెట్టు, పక్కన గొడ్ల చావిడి, వెనుక కళ్ళం, దానికి ఆవల ఐదెకరాల చేను. పంపకాలలో ఈ ఇల్లు అబ్బా వంతుకు వచ్చింది. అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరుకున్న తరువాత అమ్మీ నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌ను ఆ ఇంటిలోనే గడిపారు.

మేము నలుగురు తోబుట్టువులం. పెద్దవారు కువైట్‌లో, ఆపా ప్రొద్దుటూరులో, చెల్లెలు హైదరాబాదులో ఉంటున్నారు. అందరికన్నా చిన్నవాడు భార్యాబిడ్డలతో ఊరిలోనే ఉండి సేద్యం చూసుకుంటున్నాడు. ఇద్దత్ ముగిసిన వెంటనే మేమందరం కూర్చొని, అమ్మీని పట్టణానికి తీసుకుపోవాలని, చిన్నవాడు కూడా నంద్యాలలో ఏదైనా వ్యాపారం చూసుకోవాలని, ఇల్లు అమ్మివేయాలని మాట్లాడుకున్నాము. ఆ ఆలోచనకు కారణం లేకపోలేదు. అమ్మీకి చాలా కాలంగా మధుమేహం ఉంది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకోవాలి. వాడకానికి తీయని ఇన్సులిన్ సీసాలను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మా వైపు మే నెలలో ఎండ 44 డిగ్రీలు తాకుతుంది. అవే రోజులలో గాలివాన వచ్చి తీగలు తెగితే రాత్రంతా కరెంటు ఉండదు. ఫ్రిజ్ ఆగిపోయిన ప్రతిసారీ కోడలు ఆ సీసాలను తడిగుడ్డలో చుట్టి, నీళ్ళు పోసిన ఇసుక నడుమ కుండలో పెట్టి కాపాడేది. దానికి తోడు వంటింటి పొగ. గ్యాసు సిలిండరు ఉన్నా అది టీకి, తొందర పనికి మాత్రమే. అన్నం, పశువుల దాణా, నీళ్ళు కాచటం అన్నీ కట్టెల మీదనే. అమ్మీ దగ్గు వినలేక డాక్టరు గారు సైతం పొగకు దూరంగా ఉండమని గట్టిగా చెప్పారు.

మేము చెప్పినదంతా విని అమ్మీ ఒకే మాట అన్నారు. “మీ అబ్బా జనాజా లేచిన గడప ఇది. నన్ను ఇక్కడి నుండి లేపాలని చూడకండి బిడ్డలారా. ఇల్లు బాగాలేదంటారా, ఇంటిని బాగు చేయండి.” ఆ తరువాత అమ్మకం మాట ఎత్తటానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

మొదట వంతులు, తరువాత పనులు

ఇంటిని బాగు చేయాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరి ఇంటిలో పెడుతున్నాము అన్న ప్రశ్న దానికన్నా ముందు వచ్చింది. కరెంటు మీటరు ఇంకా అబ్బా పేరు మీదనే ఉంది. ఇంటి కప్పుపై సోలార్ అమర్చుకొనేవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రాయితీ, మీటరు ఎవరి పేరు మీద ఉంటే వారి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. పేరు మార్చాలంటే వారసులందరి సమ్మతి కావాలి. విద్యుత్తు సంస్థ అడిగిన ఆ కాగితమే, మేము వాయిదా వేస్తూ వచ్చిన ఒక ధర్మాన్ని మా ముందుకు తెచ్చి పెట్టింది.

మన కుటుంబాలలో వారసత్వ పంపకం ఎంత కాలమైనా జరగదు. ఆడపిల్లలు మొహమాటానికి “మాకేమీ వద్దు” అంటారు, మగపిల్లలు ఆ మాటను సంతోషంగా నమ్ముతారు. మా పెద్దవారు అలా కుదరదన్నారు. వంతు చేతికి ఇచ్చిన తరువాత వారు తమ ఇష్టంతో ఏమి చేసినా అది వారి ఔదార్యం, ఇవ్వక ముందే వద్దనిపించటం మాత్రం న్యాయం కాదన్నది ఆయన మాట.

పంపకానికి ముందు ఖననం ఖర్చులు, అప్పులు, వసీయత్ ఏదైనా ఉంటే అది చూడాలి. వసీయత్ ఏదీ లేదు. ఎరువుల అంగడిలో ఉన్న బాకీ తీర్చాము. మహర్ కూడా భర్త మీద ఉన్న రుణమే కనుక, మిగిలి ఉన్నదేమోనని అమ్మీని అడిగాము. ఆమె నవ్వి, “పెళ్ళైన మొదటి ఏడే పత్తి అమ్మి ఇచ్చేశారు మీ అబ్బా” అన్నారు. మా నలుగురిలో ఎవరికీ తెలియని సంగతి అది.

దాదా, దాదీ అబ్బాకు ముందే గతించారు. కనుక లెక్క సులభమైనది. ఆస్తి మొత్తాన్ని 48 భాగాలు అనుకుంటే, భార్యకు ఎనిమిదవ వంతుగా 6 భాగాలు. మిగిలిన 42 భాగాలలో కొడుకులిద్దరికీ చెరి 14, కూతుళ్ళిద్దరికీ చెరి 7. ఊరిలో ఇద్దరు పెద్దమనుషులు ఇంటికి, చేనుకు విలువ కట్టారు. ఇల్లు, చావిడి, కళ్ళం అమ్మీకి, చిన్నవాడికి కలిపి వచ్చేటట్లు, మిగిలినవారికి చేనులో వచ్చేటట్లు ఒప్పుకున్నాము. ఆపా, చెల్లెలు తమ వంతు భూమిని చిన్నవాడికే కౌలుకు ఇచ్చారు. మొదటి ఏడు కౌలు డబ్బు చేతికి అందినప్పుడు ఆపా కళ్ళు చెమర్చాయి. డబ్బు ఎంత అన్నది కాదు, పుట్టింటిలో తనకు ఒక హక్కు ఉన్నదన్న సంగతిని పుట్టింటివారే గుర్తు చేశారన్నది ఆమె సంతోషం. మీటరు అమ్మీ పేరుకు మారింది. సోలార్ పని ఆ తరువాతనే మొదలైంది.

తగ్గించుకోవటమే మొదటి సంపాదన

సోలార్ అమర్చటానికి వచ్చిన ఒక వ్యాపారి ఇంటిని చూసి, పాత బిల్లు చూసి, 4 కిలోవాట్లు కావాలన్నాడు. వేసవిలో మా వాడకం నెలకు 360 యూనిట్ల దాకా పోయేది, అంటే రోజుకు 12 యూనిట్లు. మా వైపు ఎండకు ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. ఆ లెక్కన మూడు తప్పదు, నాలుగు ఉంటే నిశ్చింత అన్నది అతని వాదన. లెక్క తప్పు కాదు. కాని ఆ 12 యూనిట్లు నిజంగా మాకు అవసరమా అని అతను అడగలేదు. అది అడగవలసినది మేమే.

ఒక రోజంతా కూర్చొని ఇంటిలోని ప్రతి వస్తువు ఎంత కరెంటు తాగుతుందో రాసుకున్నాము. ఆరు పాత ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే అవే 5.4 యూనిట్లు. పాత ట్యూబులైట్లు చోక్‌తో కలిపి ఒకటిన్నర యూనిట్లు. ఫ్రిజ్ రెండు, నీళ్ళ మోటారు ఒకటి, కూలరు ఒకటిన్నర, టీవీ, మిక్సీ వగైరా అర యూనిటు. మొత్తం సుమారు 12. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు అంతే గాలిని 30 వాట్లతో ఇస్తాయి. ఆరు ఫ్యాన్లు మార్చగానే రోజుకు మూడు యూనిట్లకు పైగా తగ్గింది. ట్యూబుల స్థానంలో ఎల్‌ఈడీ దీపాలు పెడితే మరొక యూనిటు తగ్గింది. పన్నెండు కాస్తా ఎనిమిది దగ్గరకు వచ్చింది. ఎనిమిది యూనిట్లకు 2 కిలోవాట్లు చాలు. ఫ్యాన్ల మీద పెట్టిన పదిహేడు వేలు, పలకల మీద పెట్టవలసిన దానిలో దాదాపు సగాన్ని మిగిల్చాయి.

ఇస్రాఫ్ అంటే కేవలం విందులలో అన్నం పారవేయటం, పెళ్ళిళ్ళలో డబ్బు వెదజల్లటం అనే మనం అనుకుంటాము. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను కూడా ఇస్రాఫే. ఆ కరెంటు బొగ్గుతో వచ్చినా, ఎండతో వచ్చినా దుబారా దుబారాయే.

ఈ లెక్క మాకు మరొక సంగతిని కూడా నేర్పింది. బంధువులలో చాలామంది మిద్దె తీసివేసి కాంక్రీటు స్లాబు వేయమన్నారు. పగలంతా ఎండను మింగి రాత్రంతా వేడిని కక్కే స్లాబు కింద కూలరు కూడా చాలదు. రాతి గోడలు, మట్టి కప్పు పగటి వేడిని లోపలికి అంత త్వరగా రానీయవు. మిద్దెను కాపాడుకుంటే అదే పెద్ద పొదుపు. పుచ్చిన రెండు దూలాలు మార్పించి, కొత్తగా చవుడు మన్ను తోలించి, దిమ్మిసలతో గట్టిపరిపించి, వానాకాలానికి ముందే పని ముగించాము. గోడలకు తెల్ల సున్నం కొట్టించాము. చవుడు పరిచే పద్ధతి తెలిసిన పనివాళ్ళు మా ఊరిలో ఇద్దరే మిగిలారు. వారిద్దరూ అరవై దాటినవారే. వారి చేతి పనిని చిన్నవాడి కొడుకు పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

పలకలు ఎక్కడ?

మిద్దె నిలిచింది కాని, దాని మీద సోలార్ పలకలు పెట్టటం కుదరదని తేలింది. ఒక్కొక్క పలక ఇరవై ఐదు కిలోలకు పైనే ఉంటుంది. ఇనుప చట్రం బరువు అదనం. గాలి పట్టుకొని లేపే బలం మరీ ఎక్కువ. చవుడులో రంధ్రం వేస్తే తొలి వానకే ఉరుపు మొదలవుతుంది. ఇక ఇంటి ముందు వేపచెట్టు నీడ ఒకటి. వరుసగా కలిపిన పలకలలో ఒక్క దానిమీద నీడ పడినా వరుస మొత్తం ఉత్పత్తి పడిపోతుంది.

చెట్టు కొట్టివేస్తే మిద్దె ముందరి వాకిలిలో ఇనుప స్తంభాలు నాటవచ్చునని ఒక సలహా వచ్చింది. ఆ మాట అమ్మీ చెవిన పడకూడదని జాగ్రత్త పడ్డాము కాని పడనే పడింది. అమ్మీ కోపం చేయలేదు. మధ్యాహ్నం ఆ చెట్టు కింద కూర్చొనే బాటసారులను, మేకలను, మసీదు నుండి వచ్చేటప్పుడు కాస్త ఆగే ముసలివారిని వేళ్ళ మీద లెక్కబెట్టి, “వీళ్ళందరి నీడను అమ్మి కరెంటు కొంటారా?” అని మాత్రం అడిగారు.

చివరకు గొడ్ల చావిడి దారి చూపింది. దాని కప్పు బోద గడ్డిది, ఎలాగూ మార్చవలసినది. దాని స్థానంలో ఇనుప స్తంభాలు నాటి, రేకులు వేసి, వాటిపైన ఎత్తుగా చట్రం కట్టి పలకలు బిగించాము. ఇంటి కప్పు మీదనే కాక ఇలా ఎత్తుగా కట్టిన చట్రం మీద పెట్టినా రాయితీ వర్తిస్తుంది. 2 కిలోవాట్లకు ఇంచుమించు 200 చదరపు అడుగుల చోటు పట్టింది. పలకలు దక్షిణ ముఖంగా, నేలకు 15 డిగ్రీల వాలులో ఉన్నాయి. మా ప్రాంతపు అక్షాంశం కూడా దాదాపు అంతే. పశువులకు నీడ దొరికింది, మాకు కరెంటు దొరికింది, వేపచెట్టు తన చోటనే ఉంది.

ఇంటి లోపలి పని అంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది. చెక్క బద్దీల మీద గుడ్డ చుట్టిన పాత వైర్లు, ఎర్తింగ్ లేని స్విచ్చులు. పాత ఇళ్ళలో సోలార్ పెట్టాలనుకొనేవారు ముందుగా చూడవలసినది పలకలను కాదు, ఇంటి వైరింగును. మేము మొత్తం మార్పించి, పిడుగుకు ఒకటి, పలకల వైపు ఒకటి, ఇంటి వైపు ఒకటి చొప్పున మూడు ఎర్తు గుంటలు తీయించాము.

కరెంటు పోయిన రాత్రి

చాలామందికి తెలియని ఒక విషయాన్ని ఇక్కడ చెప్పాలి. ఊరి లైనుతో కలిపిన మామూలు సోలార్, ఊరిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఇంటిలో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు. మన పలకల నుండి కరెంటు తీగలలోకి పారుతూ ఉంటే, స్తంభం ఎక్కి మరమ్మతు చేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. అందుకే ఇన్వర్టరు తనంతట తాను విడిపోతుంది.

మాకు కావలసినదే కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ నడవటం. అందువలన బ్యాటరీతో కూడా పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు తీసుకున్నాము. అది లైను నుండి ఇంటిని వేరు చేసి, లోపల మాత్రం కరెంటు ఇస్తుంది. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు రెండు పెట్టాము. వాటిలో పట్టేది 3.6 యూనిట్లు. సగానికి మించి వాడితే వాటి ఆయుష్షు తరుగుతుంది. ఆ సగంతోనే ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, మూడు నాలుగు దీపాలు తొమ్మిది గంటల పాటు నడుస్తాయి. బ్యాటరీలకు రాయితీ లేదు. ఖర్చు పెంచినది అవే, కాని మేము ఈ పని తలపెట్టినది వాటి కోసమే.

ఒక మే నెల రాత్రి గాలివానకు మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. రెండు రోజులు కరెంటు లేదు. మా ఫ్రిజ్ ఆగలేదు. పొరుగున ఇన్సులిన్ వాడే మరో ఇద్దరు ఉన్నారు. ఒకరు ముస్లిములు, ఒకరు హిందువులు. అమ్మీ కోడలిని పంపి వారి సీసాలు తెప్పించి, మూతలకు రంగు దారాలు కట్టి తన సీసాల పక్కనే పెట్టుకున్నారు. నాటి నుండి ఆ ఫ్రిజ్ తలుపులోని ఒక అర వారిదే.

వడ్డీ లేని బాట

ఖర్చు సంగతి దాచవలసినది కాదు. పలకలు, ఇన్వర్టరు, బ్యాటరీలు, చట్రం అన్నీ కలిపి 1,95,000 రూపాయలు అయ్యాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000 రాయితీ ఉంది. అంతకు మించితే ఎంత పెట్టినా 78,000 దగ్గర ఆగిపోతుంది. మాకు రావలసినది 60,000. అయితే అది పని ముగిసి, తనిఖీ జరిగి, నెట్ మీటరు బిగించిన తరువాత వస్తుంది. ముందుగా మొత్తం మనమే పెట్టుకోవాలి. పలకలు కూడా మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే అయి ఉండాలి.

పూచీకత్తు లేకుండా, తక్కువ వడ్డీకి బ్యాంకు రుణం ఇప్పిస్తామని వచ్చినవారు ఉన్నారు. తక్కువైనా అది వడ్డీయే. అమ్మీ మందు చల్లగా ఉండటానికి చేసే పనిలో ఆ వేడి మాకు వద్దనుకున్నాము. పెద్దవారు తన పొదుపు నుండి కొంత ఇచ్చారు. చిన్నవాడు పొట్టేళ్ళు అమ్మాడు. ఆపా, చెల్లెలు మొదటి ఏడు కౌలు డబ్బును అడగకుండానే తెచ్చి అమ్మీ చేతిలో పెట్టారు. తమ చేతికి వచ్చిన తరువాత ఇచ్చిన డబ్బు కనుక అమ్మీ కాదనలేదు. తగ్గిన 60,000 మా మామూ ఖర్జె హసనాగా ఇచ్చారు. అయినవారి మధ్య కాగితం ఎందుకని ఆయన అన్నా, అప్పును రాసుకోవాలని, సాక్షులను ఉంచుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశించి ఉంది కదా అని రాసి, ఇద్దరి సంతకాలు పెట్టించాము. రాయితీ అమ్మీ ఖాతాలో పడిన మరునాడే ఆ కాగితం మామూ చేతితోనే చించివేయించాము.

డబ్బు సమకూరేకొద్దీ పనులు చేయటం వలన రెండేళ్ళు పట్టింది. మిద్దె మరమ్మతు, వైరింగు, ఫ్యాన్లు మొదటి ఏడు. చావిడి, పలకలు రెండవ ఏడు. తొందరపడి అప్పు చేసి ఉంటే రెండు నెలలలో అయ్యేది. ఆ రెండేళ్ళూ కుండలో సీసాలు దాచవలసి వచ్చింది. ఆ కష్టం చిన్నది కాదు, దానిని మోసినది కోడలు.

వంటింటి పొగ

కట్టెల పొగ సంగతి మన ఇళ్ళలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంటి పొయ్యి పొగ వలన 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ పొగలో రోజంతా నిలబడేది తల్లులు, కోడళ్ళు, వారి కొంగు పట్టుకొని తిరిగే పసిబిడ్డలు.

మా పెరటిలో అబ్బా కాలం నాటి గోబర్ గ్యాసు గుంట ఒకటి పాడుపడి ఉండేది. ఇనుప డ్రమ్ము పైకీ కిందికీ తేలే రకం అది. ఏడాదికొకసారి రంగు వేయకపోతే ఆ డ్రమ్ము తుప్పు పడుతుంది, మాదీ అలాగే చిల్లులు పడింది. ఈసారి దీనబంధు రకం కట్టించాము. 1984లో అఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ రూపొందించిన ఈ నమూనాలో ఇనుము ఉండదు. నేలలోపల ఇటుకలతో కట్టిన గోపురం అంతే. 2 ఘనమీటర్ల గ్యాసుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. మాకు రెండు ఎనుములు, ఒక జత ఎద్దులు ఉన్నాయి. సరిగ్గా సరిపోయింది. కట్టడానికి 45,000 అయింది. తొలిసారి గుంట నింపిన తరువాత గ్యాసు రావటానికి కొన్ని వారాలు ఆగవలసి వచ్చింది.

పేడ గ్యాసు మీద వండిన అన్నం పాక్ అవుతుందా అని ఆపా అత్తగారు సందేహం వెలిబుచ్చారు. మా ఊరి ఇమామ్ సాహెబు గారిని అడిగాము. ఆయన చిరునవ్వుతో, “మీ నానీలు, దాదీలు పిడకల మీద వండిన సేమియా తిని పెరిగినవారమే కదా మనమంతా” అన్నారు. పొయ్యిలో మండేది ఇంధనం, గిన్నెలో ఉండేది ఆహారం. ఆ తరువాత ఆమె తానే ఆ పొయ్యి మీద టీ కాచి తాగారు.

ఒక ఘనమీటరు గ్యాసు అర కిలోకు కాస్త తక్కువ సిలిండరు గ్యాసుకు సమానం. ఇంటిల్లిపాది వంటకు చాలుతుంది. చలికాలంలో తగ్గుతుంది కనుక సిలిండరును పూర్తిగా వదలలేదు. రంజాన్ మాసంలో సహరీకి లేచిన కోడలు ఊదుగొట్టం పట్టుకోకుండా వంట చేసింది. అమ్మీ దగ్గు పూర్తిగా పోలేదు కాని, రాత్రులు నిద్ర పడుతున్నది. గుంట నుండి వెలువడే చిక్కటి జావ నేరుగా చేనుకు పోతుంది. చిన్నవాడు కొనే ఎరువు బస్తాలు తగ్గాయి.

మార్చకుండా వదిలినది

చేనులోని బోరు మోటారును మాత్రం ఎండ కరెంటుకు మార్చలేదు. మన రాష్ట్రంలో 2004 నుండి వ్యవసాయానికి విద్యుత్తు ఉచితం. బిల్లు లేని చోట లక్షలు పెట్టే స్తోమత మాకు లేదు. కాని ఉచితమన్న మాట వెనుక ఒక పరీక్ష ఉంది. మా పల్లెలలో మోటారుకు ఆటోస్టార్టరు పెట్టి మరచిపోతారు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు, అవసరం ఉన్నా లేకున్నా, నీరు పొంగి పొర్లుతుంది. వుజూ నీటిలో సైతం వృథా వద్దని నేర్చుకున్న సమాజం మనది. చిన్నవాడు ఆటోస్టార్టరు తీసివేశాడు. రెండెకరాల మామిడికి డ్రిప్ పైపులు వేశాడు. ఎండ కరెంటు లేకున్నా, ఇది కూడా అదే పనిలో ఒక భాగమని మేము అనుకుంటున్నాము.

ఇప్పటి లెక్క

వేసవిలో రెండు వేలు దాటే కరెంటు బిల్లు ఇప్పుడు చాలా నెలలలో నామమాత్రపు కనీస రుసుముతో ముగుస్తున్నది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి వాడినది తిరిగి వస్తుంది, నెట్ మీటరు రెండింటినీ లెక్కగడుతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందని అనుకున్నాము గాని, పలకలు వేడెక్కేకొద్దీ వాటి శక్తి తగ్గుతుంది. మే నెలకన్నా ఫిబ్రవరి, మార్చి మేలు. వానాకాలం మబ్బు రోజులలో సగం కూడా రాదు. మా వైపు నాపబండల పాలిష్ యంత్రాల దుమ్ము ఎక్కువ కనుక పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున పలకలు కడగాలి. ఆ నీరు కాలువ గుండా వేపచెట్టు పాదులోకి పోతుంది. బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటరు పోయటం పిల్లల పని.

గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుండి నడుస్తున్నది. బస్సులో పోతూ ఆ పలకల సముద్రాన్ని చూసినప్పుడు, ఇది ప్రభుత్వాలు, పెద్ద కంపెనీలు చేసే పని అనుకొనేవాళ్ళం. అదే ఎండ మా చావిడి మీద కూడా పడుతుందన్న ఆలోచన అప్పుడు రాలేదు.

ఊళ్ళలో పాత ఇళ్ళు ఉన్న సోదర సోదరీమణులకు మా మనవి ఇది. ముందుగా వారసుల హక్కులు తేల్చండి, ముఖ్యంగా ఆడబిడ్డలవి. తరువాత వైరింగు చూడండి. వాడకం తగ్గించి, ఆ తగ్గిన దానికి ఎంత కావాలో లెక్కించండి. అమ్మేవాడు చెప్పిన దానికన్నా తక్కువే సరిపోవచ్చు. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే ఆ మాట మొదటనే చెప్పండి. పశువులు ఉంటే గోబర్ గ్యాసును మరచిపోకండి. డబ్బు లేదంటే ఆగండి, వడ్డీకి పోకండి. అన్నిటికన్నా ముందు, ఆ ఇంటిలో ఉండబోయే పెద్దవారిని కూర్చోబెట్టి వారికి ఏమి కావాలో అడగండి. మా ఇంటిలో ఆ ప్రశ్నకు జవాబు రెండే మాటలు: చల్లని సీసా, పొగ లేని పొయ్యి. మిగిలిన లెక్కలన్నీ వాటి చుట్టూ కట్టుకున్నవే.

తల్లిదండ్రులు జీవించి ఉండగా వారి ఇంటిలో వెలుగు నిలిపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. గతించినవారి సమాధులను కాంతితో నింపుగాక. ఆమీన్.